అన్నదమ్ములిద్దరికీ ఒకటే కార్డు

పొద్దున్న మీ అత్త ఫోన్లో నీ ఉద్యోగం ఏమిటని అడిగితే నువ్వు చెప్పిన జవాబు నేను వంటింట్లోంచి విన్నాను. ఫైళ్ళలో ఉన్న సమాచారాన్ని మూకుమ్మడిగా కంప్యూటరు పట్టికల్లోకి ఎక్కించినప్పుడు అంతా సరిగ్గా చేరిందో లేదో చూసే పని అన్నావు. మీ అత్తకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఆ పని నేనూ చేశాను మరి. కలకత్తా భవానీపూర్‌లో, ఒక పాత మేడ మీద, ఏసీ గదిలో. నువ్వు పుట్టకముందు మాట.

రాసుకో, మనవరాలా. నేను చెబుతూ పోతాను, నువ్వు టైపు కొట్టు. గుణింతాలు తప్పితే తరవాత దిద్దుకుందాం. పేర్లు మాత్రం ఎక్కడా వద్దు. ఆ గొడవంతా పేర్ల మూలానే వచ్చింది, మళ్ళీ వాటిని బజారుకెక్కించడం దేనికి.

ఆ గదిని తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది వాసన. ఏసీ పెట్టారు కదా అని కిటికీలన్నీ మేకులు కొట్టి మూసేశారు. మధ్యాహ్నం అందరూ టిఫిన్ డబ్బాలు అక్కడే తెరిచేవాళ్ళు. ఆవాలు నూరి వండిన ఇలిష్ చేప వాసన బయటికి పోవడానికి దారి లేక సాయంత్రం దాకా మా నెత్తి మీదే తిరిగేది. చేపంటే నాకు రోత ఏమీ లేదు. సముద్రం ఒడ్డు నుంచి వచ్చిన జనం మనం. కానీ మూసిన గదిలో చల్లారిన చేప, దాని మీద అగరొత్తుల పొగ, ఆ పైన తడిసి ఆరిన కాగితం కంపు, అన్నీ కలిస్తే ముద్ద దిగదు. కీబోర్డు మీద అక్షరాలు నొక్కితే వేళ్ళకి అంటుకునేవి, ఎవరో తీపి టీ ఒలకబోసి తుడవకుండా వదిలేసినందుకు. ఒకసారి కీబోర్డు తిరగేసి దులిపితే బొద్దింక పిల్లలు రాలాయి. పక్క కుర్చీ ఆవిడ కాలితో తొక్కేసి మళ్ళీ టైపు చేసుకుంది.

మా ఆఫీసు రేవు కూలీల బాగోగులు చూసేది. వాళ్ళ క్వార్టర్లు, పిల్లల బడి, డిస్పెన్సరీ, అన్నీ. నేను అక్కడ టైపిస్టుగా చేరి, కంప్యూటర్లు వచ్చాక డేటా ఎంట్రీకి మారాను. రేవు గోదాముల నుంచి పాత రిజిస్టర్లు బస్తాల్లో వచ్చేవి. వరదనీట నానినవి, చెదలు తిన్నవి, ఎలుకలు ఉచ్చ పోసినవి. ముక్కుకి చెంగు కట్టుకుని ఒక్కో కూలీ వివరం చూసి టైపు చేసేవాళ్ళం. ఒక్కో మనిషికి ఒక్కో లైను, పేరుకీ తండ్రి పేరుకీ పుట్టిన తేదీకీ భార్యాపిల్లల పేర్లకీ మధ్యలో కామాలు. అలా ఫైళ్ళ మీద ఫైళ్ళు తయారయ్యాయి. ఆ ఫైళ్ళని మూటలు విప్పినట్టు విప్పి పట్టికల్లో కుమ్మరించే ప్రోగ్రాము ఒక కంపెనీ రాసింది. అది రాసినవాడు ముప్పై దాటిన మనిషి, కరీంనగర్ వైపువాడు. నేను తెలుగుదాన్నని తెలిశాక నన్ను మేడం అనడం మొదలుపెట్టాడు. మిగతా గదికంతా నేను దీదీనే.

ఆ ప్రోగ్రామును పరీక్షించి చూడడానికి నన్ను కూర్చోబెట్టింది నా తెలివి చూసి కాదు. మిగతావాళ్ళు యూనియన్ మీటింగులకీ ఊరేగింపులకీ పోతుంటారు, నేను సాయంత్రం దాకా కుర్చీలో ఉంటాను, అంతే. కూర్చోబెట్టినవాడు మా సెక్షను పెద్ద. అందరూ బొడొబాబు అనేవాళ్ళు, పెద్ద గుమాస్తా అని అర్థం. మనిషి తెల్లగా ఇస్త్రీ బట్టల్లో ఉండేవాడు. కానీ ఏ కాగితం తిప్పాలన్నా నాలుక బయటపెట్టి వేలు తడుపుకుని తిప్పేవాడు. ఎలుకల ఉచ్చ రిజిస్టరైనా సరే, అదే వేలు, అదే నాలుక. ఆ తడి వేలి గుర్తులున్న కాగితం నా చేతికిస్తే కొస పట్టుకుని తీసుకునేదాన్ని. నవ్వకు, చూస్తే నువ్వూ అంతే చేసేదానివి.

మొదటి పరీక్షకి ఫైలు కంపెనీ నుంచే వచ్చింది. తెరిచి చూశాను. అందులో ఉన్నవాళ్ళంతా పెద్దింటి బిడ్డల్లా ఉన్నారు. ఒకడి పేరు ఇంకొకడికి లేదు. పుట్టిన తేదీ ఎవరిది వాళ్ళకే ఉంది. తండ్రి పేరు తెలియనివాడు లేడు, చిరునామా సగంలో ఆగిపోయినవాడు లేడు. మా రిజిస్టర్లలో అంత శుభ్రమైన మనిషిని నేను ఎన్నడూ చూడలేదు. ఆ ఫైలు ఎక్కించారు, రెప్ప వేసేలోగా ఎక్కింది. తప్పులేమీ లేవని తెర మీద వచ్చింది. బొడొబాబు అందరికీ టీ తెప్పించాడు. రాళ్ళు ఏరేసిన బియ్యాన్ని చేటలో పోసి చెరిగి, మా చేట ఎంత గొప్పదో చూడండి, ఒక్క రాయి కూడా రాలలేదు అన్నట్టుంది నాకు. మేము టైపు చేసిన ఫైలే ఎక్కించి చూద్దామని అడిగాను. దాన్ని ఎలాగూ అసలు రోజున ఎక్కిస్తాం, రెండుసార్లు ఎందుకని అన్నాడు. అసలు రోజుకి ముందు చూడ్డాన్నే కదా పరీక్ష అంటారు. ఆ మాట ఆయనకి చెప్పాల్సి రావడమే నాకు రోత.

ఇక్కడ ఒక సంగతి నీకు తెలుసు, చదివేవాళ్ళకి తెలియాలి కాబట్టి చెబుతున్నాను. పట్టికలో ఒక మనిషిని ఇంకో మనిషి నుంచి వేరు చేయడానికి ఏదో ఒక గుర్తు ఉండాలి. రేవులో టోకెన్ నంబర్లు ఉండేవి కానీ గ్యాంగు మారినప్పుడల్లా అవీ మారేవి, అందుకని వాటిని నమ్మొద్దన్నాడు బొడొబాబు. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఈ మూడూ కలిస్తే ఒక మనిషి అని ఆయన తేల్చాడు. రిజిస్టరులో ఒకే పేజీని మాలో ఇద్దరు పొరపాటున చెరోసారి టైపు చేసినవి ఉండేవి. వాటి కోసం ఇంకో నియమం పెట్టారు. ఆ మూడూ కలిసిన లైను మళ్ళీ వస్తే, పాతదాన్ని తీసేసి కొత్తదాన్ని ఆ చోట పెట్టెయ్యాలి. గొడవ చేయకుండా, తెర మీద ఏమీ రాయకుండా.

ఆ నియమం వినగానే నాకు మా ఇల్లు గుర్తొచ్చింది.

మీ తాత, అంటే మా ఆయన, మా బావ సొంత అన్నదమ్ములు. మా అత్తగారికి మొదట పుట్టిన పిల్లలు దక్కలేదు. సింహాచలం కొండ మీది స్వామికి మొక్కుకుంది, ఇక పుట్టేవాళ్ళందరికీ నీ పేరే పెడతానని. దక్కారు. ఇద్దరికీ ఆ స్వామి పేరే పెట్టింది, ఒకడు పెద్ద, ఒకడు చిన్న. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఇళ్ళలో ఇలాంటి పెద్దలూ చిన్నలూ కొల్లలు. రేవులో పేరు రాసుకున్న గుమాస్తాకి పెద్దా చిన్నా అంటే ముద్దుపేర్లనిపించి వదిలేశాడు. ఇక పుట్టిన తేదీ. మన జనంలో ఎవరికి తెలుసు. పనిలోకి తెచ్చిన సర్దారే చెప్పేవాడు. నెలా తేదీ అందరికీ జులై ఒకటి. సంవత్సరం మాత్రం మనిషిని చూసి. మా బావ వయసు ఎక్కువని తీసుకోరేమోనని తగ్గించి చెప్పాడు, మీ తాత మరీ కుర్రాడని తీసుకోరేమోనని పెంచి చెప్పాడు. తగ్గించినదీ పెంచినదీ వచ్చి ఒకే సంవత్సరంలో కలుసుకున్నాయి. అలా అన్నదమ్ములిద్దరూ ఒకే పేరుతో, ఒకే తండ్రికి, ఒకే రోజున పుట్టినట్టు రేవు రిజిస్టరుకి ఎక్కారు. ఇంట్లో ఇదొక హాస్యం. కవలల్లారా అన్నానికి రండి అని పిలిచేది మా అప్ప.

అప్ప అంటే మన వైపు అక్క. మా బావ భార్య, నాకు తోడికోడలు. మెటియాబ్రుజ్‌లో రేవు క్వార్టర్లలో ఒకే వాకిట్లో రెండు గదులు, ఒకటి వాళ్ళది, ఒకటి మాది. పక్కింట్లో దర్జీల మిషన్లు పొద్దున్నించీ గరగరమంటుంటే వాటికి మించి గొంతు పెట్టి మాట్లాడేది. ఆవిడకి షుగరు ఉంది. మాటవరసకి ఉండడం కాదు, రోజూ పొద్దున్నే రేవు డిస్పెన్సరీకి నడిచి వెళ్ళి ఇన్సులిన్ సూది వేయించుకోవాలి. అప్పటికే కాలి బొటనవేలికి పుండు లేచింది. సూది తప్పితే కాలు తీసేయాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడు. ఇప్పుడు ఆ డిస్పెన్సరీలోనే కొత్త రూలు వస్తోంది, కంప్యూటరు కార్డు ఉన్నవాళ్ళకే మందు. కార్డు పట్టికలోంచి అచ్చవుతుంది. పట్టికలో లేనివాడికి కార్డు లేదు. అదీ నా భయం.

కరీంనగర్ మనిషిని పట్టుకుని మా ఇంటి లైన్లు రెండూ ఒక చిన్న ఫైలులో పెట్టి ఎక్కించమన్నాను. ముందు బావది, తరవాత మీ తాతది. ఎక్కించాడు. తప్పులేమీ లేవని వచ్చింది. పట్టిక తెరిచి చూస్తే ఒకడే ఉన్నాడు. భార్య పేరు దగ్గర నా పేరు, పిల్లల దగ్గర నా పిల్లలు. అతను కుర్చీ వెనక్కి జరుపుకుని ఆ ఒక్క లైనూ వేలితో చూపించాడు.

"ఫైల్ల ఇద్దరున్నరు, టేబుల్ల ఒక్కడే ఉన్నడు మేడం. ఎర్రర్ రాలే. ఎర్రర్ వస్తె పట్టుకుంటం గని, రాకపోతె ఎట్ల పట్టుకుంటం?"

"నాను పట్టుకున్నాను గదా బాబూ. మార్చు మరి," అన్నాను.

మార్చాలంటే పెద్దాయన ఒప్పుకోవాలి అన్నాడు. ఇద్దరం వెళ్ళాం. బొడొబాబు మొత్తం విని, తడి వేలితో ఏదో కాగితం తిప్పుకుంటూ, మీ తెలుగువాళ్ళకి రెండో పేరు దొరకదా అని అడిగాడు నన్ను. తరవాత అసలు సంగతి చెప్పాడు. ప్రారంభోత్సవానికి రోజు ఖాయమైపోయింది, యూనియన్ పెద్ద వస్తున్నాడు, పరీక్షలన్నీ నెగ్గాయని రిపోర్టు పైకి వెళ్ళిపోయింది. ఎక్కడో ఇద్దరు అన్నదమ్ముల కోసం దాన్ని వెనక్కి పిలవనని అన్నాడు. ఎక్కడో ఇద్దరు కాదు, ఒక్క మా క్వార్టర్లలోనే బోలెడుమంది ఉన్నారని చెప్పాను. అయితే పనయ్యాక దిద్దుకుందాం అన్నాడు. నేను పరీక్ష కాగితం మీద 'నెగ్గలేదు' అని రాసి ఇచ్చాను. మర్నాడు ఆ కాగితం 'నెగ్గింది' అని కొత్తగా టైపయి ఉంది, కింద ఆయన సంతకంతో.

ప్రారంభోత్సవం నాడు ఆ గదిలో ఊపిరాడలేదు. కంప్యూటర్లు మా ఉద్యోగాలు తింటాయని కొన్నేళ్ళ కిందట ఎర్రజెండాలు పట్టుకుని రోడ్డు మీద కూర్చున్న పెద్దమనిషే ఇప్పుడు కంప్యూటరుకి బంతిపూల దండ వేశాడు. దండ తడి మానిటరు మీంచి కారుతోంది. సందేశ్ మిఠాయి పెట్టెలు యంత్రం మీదే పెట్టారు, చీమలు పట్టాయి. ఆయన ఏదో మీట నొక్కాడు, ఫైళ్ళన్నీ ఎక్కాయి, తప్పులేమీ లేవని వచ్చింది. ఫైళ్ళలో ఉన్న లైన్లకీ పట్టికలో ఉన్న మనుషులకీ లెక్క కుదరలేదు. ఎవరో అడిగితే, అవన్నీ రెండుసార్లు టైపు చేసిన దొంగ లైన్లు, మన ప్రోగ్రాము ఏరేసింది అని చెప్పాడు బొడొబాబు. చప్పట్లు కొట్టారు. నా చేతిలో పెట్టిన సందేశ్ మెట్ల దగ్గర డబ్బాలో పడేశాను. కరీంనగర్ మనిషి తినలేదు, కానీ పడెయ్యనూ లేదు, జేబురుమాల్లో చుట్టుకుని పట్టుకు తిరిగాడు.

కార్డులు అచ్చయి వచ్చాయి. మా వాకిట్లోకి ఒకటే వచ్చింది. మీ తాత పేరు, నా పేరు, మా పిల్లల పేర్లు. తన కార్డు కొంచెం ఆలస్యంగా వస్తుందేమోనని బావ రెండు రోజులు చూశాడు. మూడో రోజు డిస్పెన్సరీ కిటికీ దగ్గర అప్పని వెనక్కి పంపేశారు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి కాలు పీట మీద పెట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. పుండుకి కట్టిన గుడ్డ తడిసి వాసన వేస్తోంది, ఆవిడకే అది భరించరానిదై మొహం పక్కకి తిప్పుకుని ఉంది.

"ఒలే పిల్లా, నీ కంప్యూటరు నా మొగుణ్ణి మింగీసినాదట. నీ మొగుడు మాత్రం సక్కగా కూకున్నాడట అందల."

"నాను ముందే సెప్పినాను అప్పా. ఆళ్ళు ఇన్నేదు."

"నీ మాట ఇనని వోళ్ళ కాడ నువ్వేల పన్జేస్తన్నావు?"

ఆ తడిసిన గుడ్డ విప్పి కొత్తది కట్టాను. మందు బయట కొనొచ్చు కదా అంటావు. కొన్నాం, కొన్నాళ్ళు. రేవు పని సగం హల్దియా రేవుకి వెళ్ళిపోయిన రోజులవి, బావకి నెలలో సగం దినాలు పనే దొరికేది కాదు. ఎన్నాళ్ళని కొంటాం. బావ యూనియన్ ఆఫీసుకి వెళ్ళాడు. ప్రతి ఊరేగింపులోనూ నడిచిన మనిషి. కంప్యూటరు తప్పు చేయదు, నువ్వే ఏదో తప్పు రాయించి ఉంటావని చెప్పి పంపారు. ఆ మాటకి ఆయన కోపం తెచ్చుకోలేదు, నిజమేనేమో అనుకుంటూ ఇంటికి వచ్చాడు. అది నాకు ఇంకా ఒళ్ళు మండించింది.

నేను మళ్ళీ బొడొబాబు ముందు నిలబడ్డాను. కాలు పోతుందని చెప్పాను. ఆయన నిజంగానే జాలిపడ్డాడు. జాలిపడి ఆలోచించి, మొహం వెలిగించుకుని ఒక ఉపాయం చెప్పాడు.

"పేరు ఒకటే, పుట్టినరోజు ఒకటే, ఇల్లు ఒకటే. ఆవిణ్ణి నీ కార్డే పట్టుకుని వెళ్ళమను. పేరు అడిగితే నీ పేరు చెప్పమను. ఏమవుతావని అడిగితే ఆయన భార్యనని చెప్పమను. కాంపౌండరు కొత్తవాడు, వాడికేం తెలుసు?"

అని నవ్వి, వేలు తడుపుకున్నాడు.

వదినా మరుదులు సరసాలాడుకుంటారని మనకి సామెతలూ వేళాకోళాలూ ఉన్నాయి, నాకు తెలుసు. మా ఇంట్లో అది లేదు. అప్ప కాపురానికి వచ్చేనాటికి మీ తాత లాగు జారిపోతుంటే పట్టుకుని పరిగెత్తే వయసువాడు. అత్తగారు మంచానపడితే అతనికి నీళ్ళు పోసింది ఈవిడ, పేలు చూసింది ఈవిడ, జ్వరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకున్నది ఈవిడ. మా పెళ్ళికి అత్తమామలు లేరు. తల్లీతండ్రీ స్థానంలో పీటల మీద కూర్చుని కొడుకు పెళ్ళి చేసినట్టు చేసింది అప్పా బావే. అలాంటి మనిషిని నలుగురిలో నిలబడి, ఆ పిల్లాడికి పెళ్ళాన్నని చెప్పమంటాడు. పైగా సాయం చేస్తున్నానని అనుకుంటున్నాడు. ఆయన మొహం మీద ఉమ్మాలనిపించింది. ఉమ్మలేదు. ఉద్యోగం.

ఇంట్లో చెప్పకూడదనే అనుకున్నాను. కానీ ఆ వారంలో పుండు బొటనవేలు దాటి పాదం మీదికి పాకింది. చెప్పాను. మీ తాత తింటున్న కంచం పక్కకి నెట్టేశాడు. "ఆ మాట ఆవిడ నోట రాకూడదు. నా కార్డు సింపీస్తాను, ఎవులికీ వొద్దు," అన్నాడు. బావ గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఏమనగలడు, పెళ్ళాం కాలు తీసెయ్యమనగలడా, తమ్ముడి పెళ్ళాన్నని చెప్పుకొమ్మనగలడా. అప్పే మాట్లాడింది. గొంతు పెద్దది చేయలేదు.

"కార్డు సింపీస్తే నీ పెళ్ళాం పిల్లలకి మందెక్కడిదిరా. మాటంటే మాటే గదా, గాలిలో పోద్ది. కాలు మళ్ళీ మొలవదు. రేపు ఎల్తాను. నువ్వు నా ఎనకాల రా పిల్లా."

మర్నాడు వెళ్ళాం. డిస్పెన్సరీ కిటికీ ముందు క్యూలో సగం మంది మన క్వార్టర్ల జనమే. ఆవిడ ఎవరో, ఎవరి భార్యో, ఎవరికి వదినో ప్రతివాడికీ తెలుసు. గోడ నిండా తమలపాకు ఉమ్ములు, కింద దూది ముద్దలు, వాటి మీద ఈగలు. అప్ప కుంటుకుంటూ కిటికీ దగ్గరికి వెళ్ళి కార్డు లోపలికి పెట్టింది. కార్డుల రూలుతో పాటే కొత్తగా వచ్చిన కాంపౌండరు పేరు అడిగాడు. నా పేరు చెప్పింది. కార్డు మీద మగమనిషి పేరు చూపించి, ఈయన నీకు ఏమవుతాడని బెంగాలీలో అడిగాడు. "ఆమి ఓర్ బౌ," అంది. నేను ఆయన పెళ్ళాన్ని, అని.

క్యూలో వెనకనుంచి ఒక ముసలాయన, మనవాడే, సన్నగా అన్నాడు: "ఎప్పట్నుంచేటి?"

అప్ప వెనక్కి తిరిగి చూసింది.

"నీ కార్డు పోయిన్నాడు సెప్తాను."

సూది వేయించుకుంది. బయటికి వచ్చి వీధి కుళాయి దగ్గర నోరు పుక్కిలించి, ఉమ్మి, మళ్ళీ పుక్కిలించింది. ఎన్నిసార్లో నేను చూడలేదు, చూడబుద్ధి కాలేదు. ఆ కాంపౌండరు రూలు మనిషి. మొహం గుర్తున్నా సరే రోజూ అడిగేవాడు. రోజూ చెప్పేది. నేను రోజూ వెనకాల వెళ్ళలేను, ఆఫీసు ఉంది. ఒంటరిగానే వెళ్ళి చెప్పేది.

కరీంనగర్ మనిషికి జరిగినదంతా జరిగినట్టు చెప్పాను. దాచి చెప్పే ఓపిక నాకు లేదు. క్యూలో ఆవిడ అన్న మాట కూడా చెప్పాను. అతను తల ఎత్తలేదు. "మా ఇంట్ల గుడ వదిన అంటె అమ్మనే మేడం," అన్నాడు. ఆ సాయంత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అసలు ఫైళ్ళన్నీ ఒక ఖాళీ పట్టికలోకి వేరే పద్ధతిలో ఎక్కించాడు. పాతదాన్ని తుడిచే నియమం తీసేసి, గుద్దుకున్న లైన్లన్నీ పక్కన పడేలా చేశాడు. అప్పుడు కనిపించారు, కంప్యూటరు మింగినవాళ్ళందరూ. మన పెద్దలూ చిన్నలూ, బీహారువాళ్ళు, ఒరియావాళ్ళు, మెటియాబ్రుజ్ సాయిబులు. అందరూ జులై ఒకటినే పుట్టారు. వాళ్ళలో ఎంతమంది ఇళ్ళలో ఎవరెవరు ఏమేం అబద్ధాలు చెప్పి మందు తెచ్చుకుంటున్నారో. ఆ లైన్లు తెర మీద కిందికి జారుతుంటే నేను తెలిసిన ఇళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను.

పనిలో చేరిన మొదటి గ్యాంగూ, అక్కడిచ్చిన మొదటి టోకెన్ నంబరూ కలిపి కొత్త గుర్తు పెట్టాడు, అవి మారేవి కావు. ఈసారి పరీక్షకి శుభ్రమైన ఫైలు తేలేదు, మా ఎలుకల రిజిస్టర్ల ఫైలే ఎక్కించాడు. నేను ఒక్కో ఇంటినీ వెతికి చూశాను. బావ ఉన్నాడు, పక్కన మీ తాత ఉన్నాడు, ఎవరి భార్య వాళ్ళకి ఉంది. బొడొబాబుని అడగలేదు. నెలాఖరున కొత్త ఫైళ్ళు ఎక్కించాల్సిన రోజున పాతవన్నీ కూడా మళ్ళీ ఎక్కించేశాడు. బొడొబాబుకి తెలిసింది. సమాచారం మరింత మెరుగుపరిచామని పైకి ఇంకో రిపోర్టు రాసుకున్నాడు. ఆ రిపోర్టు మీద కూడా ఆయన వేలి తడి ఉంది.

అప్పకి సొంత కార్డు వచ్చింది. దాన్ని పట్టుకుని వెళ్ళిన రోజున నేను సెలవు పెట్టి తోడు వెళ్ళాను. మంచి జరిగే రోజు కదా, చూద్దామని. కాంపౌండరు కొత్త కార్డు చూశాడు, అప్ప మొహం చూశాడు. నిన్నటిదాకా నీ పేరు వేరే కదా అన్నాడు. మొగుడి పేరు అదే, నీ పేరు మారింది, ఇదేం మాయ అన్నాడు. తరవాత క్యూ అంతటికీ వినబడేలా నవ్వుతూ అడిగాడు, ఆ అన్నదమ్ముల్లో ఈరోజు నువ్వు ఎవరి పెళ్ళానివి అని. నేను కిటికీ మీదికి వెళ్ళబోయాను. అప్ప నా చెయ్యి పట్టుకుని ఆపింది. జబ్బ చాపింది. సూది వేయించుకుని, కార్డు జాకెట్లో దోపుకుని ఇంటిదాకా నడిచింది.

కాలు మానింది. పుండు ఎండి పొక్కు రాలి, వేళ్ళు అన్నీ మిగిలాయి. డాక్టరు అదృష్టం అన్నాడు. ఒకరోజు మీ తాత పని నుంచి వచ్చి వాకిట్లో నిలబడి, "వదినా, కాలెలగున్నాది?" అని అడిగాడు. అప్ప గుమ్మంలో బియ్యం ఏరుతోంది. చేట కింద పెట్టి, చెంగు తల మీదికి లాక్కుని లోపలికి వెళ్ళింది. లోపల్నుంచి నాతో అంది.

"తగ్గినాదని సెప్పు పిల్లా, మీ ఆయనకి."

మీ ఆయన అంది. పెళ్ళయి ఆ ఇంటికి వచ్చిన నాటినుంచి నేను విన్నది 'మా గుంటడు' అన్న మాట ఒక్కటే, మా పిల్లాడు అని. మా గుంటడికి పులుసు ఇష్టం, మా గుంటడు ఇంకా రాలేదేటి. మీ తాత అక్కడే నిలబడి ఉన్నాడు, విన్నాడు. నేను మళ్ళీ చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ తరవాత ఆవిడ బతికినన్నాళ్ళూ ఒకే వాకిట్లో ఉన్నాం. మీ తాత అడుగు వినబడితే చెంగు తల మీదికి వెళ్ళేది, మాట నా మీదుగా వెళ్ళేది.